ఉదయశ్రీకి కెమిస్ట్రీ రాదు

ఇదంతా ఒక పెళ్లి విందులో మొదలైంది. మా పరీక్షల మండలి అధ్యక్షులవారు పళ్లెం పట్టుకుని పప్పు దగ్గర నిలబడితే, పక్కనున్న కుర్రాణ్ని ఎవరో పరిచయం చేశారట. ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీలో అరవైకి అరవై తెచ్చుకున్నవాడు అన్నారు. అధ్యక్షులవారు ముచ్చటపడి, "ఏదీ బాబూ, అమ్మోనియా ఎలా తయారు చేస్తారో చెప్పు" అని అడిగారు. కుర్రాడు ఆయన్ని వింతగా చూసి, "సార్, పరీక్షలు అయిపోయినయ్ కదా" అన్నాడు.

అధ్యక్షులవారు పళ్లెం అక్కడే పెట్టేసి ఇంటికి వెళ్లిపోయారు. మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు ఒక కమిటీ వేశారు.

కమిటీ మూడు నెలలు రాష్ట్రమంతా తిరిగి, ఎనభై పేజీల నివేదిక ఇచ్చింది. పిల్లలు చదివేదంతా పరీక్షకు ముందురోజే చదువుతున్నారు. ఆ చదువు మర్నాడు మధ్యాహ్నం దాకా ఉండి, పేపరు ఇచ్చేసి బయటికి రాగానే పోతోంది. నివేదిక మాటల్లో చెప్పాలంటే, "ఇట్టి జ్ఞానమును తాజా జ్ఞానముగా గుర్తించవలెను. తాజా జ్ఞానము ఆరోగ్యకరము కాదు. పరీక్ష రాయుటకు కనీసము కొంత పాతబడిన జ్ఞానము అవసరము."

నా పేరు ఓదెలు. ఒక చిన్న ఊళ్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెబుతున్నాను. కాంట్రాక్టు మీద ఉన్నవాడికి కోపం రాకూడదు. నాకు వస్తుంది. వచ్చినప్పుడల్లా ల్యాబ్‌లోకి వెళ్లి పరీక్షనాళికలు కడుగుతాను. మా కాలేజీలో ఉన్నంత శుభ్రమైన పరీక్షనాళికలు ఈ జిల్లాలో ఎక్కడా లేవు.

నవంబరులో మొదటి సర్క్యులర్ వచ్చింది. మా ప్రిన్సిపాల్ నరహరి గారికి రిటైర్మెంటు పద్నాలుగు నెలల్లో ఉంది. అందుకని ఆయన సర్క్యులర్‌ను కూర్చుని చదవరు, లేచి నిలబడి చదువుతారు. "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, పరీక్షకు ముందు ఇరువది నాలుగు గంటల కాలమును చదువు విరామముగా ప్రకటించడమైనది. ఆ సమయమున పుస్తకము ముట్టినవారు చివరి నిమిషపు చదువు నేరము కింద పరీక్షకు అనర్హులగుదురు."

"పుస్తకం ముట్టుడు నేరమా సార్?" అన్నాను.

"ఎన్నికలకు ముందు మైకులు బంద్ చేస్తలేరా ఓదెలూ? ఇది గంతే," అన్నారు నరహరి గారు. "మనకెందుకు, చెయ్యమన్నరు, చేస్తం."

పిల్లలకు ఈ సంగతి చెప్పాను. వాళ్లు లెక్కల్లో మాత్రం చురుకు. చివరి రోజు చదవకూడదంటే దానికి ముందురోజు చదువుతామన్నారు. ఆ మాట మండలి దాకా వెళ్లింది. పదిరోజుల్లో ఇంకో సర్క్యులర్: "ఇరువది నాలుగు గంటల విరామము ప్రారంభమగుటకు ముందు విద్యార్థులు మూకుమ్మడిగా చదువ నిశ్చయించినట్లు తెలియవచ్చినది. అనగా ఆ సమయమే ఇప్పుడు చివరి నిమిషము అయినది. కావున విరామమును మూడు దినములకు పొడిగించడమైనది." పిల్లలు నాలుగో రోజుకు జరిగారు. విరామం పదిహేను రోజులైంది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. ఒళ్లు మండి, ఆ పూట ల్యాబ్‌కు వెళ్లకుండా కాగితం కలం తీసుకున్నాను. "అయ్యా, మీరు ఎంత వెనక్కి జరిపినా, అంతకుముందు చదివిందే చివరిది అవుతుంది. ఆ లెక్కన ఏడాదంతా చివరి నిమిషమేనని ప్రకటిస్తే మీకూ మాకూ శ్రమ తప్పుతుంది" అని రాసి మండలికి పంపాను. వెటకారం అన్నది ఆఫీసు కవర్లో పెడితే సూచన అయిపోతుందని నాకు అప్పటికి తెలియదు.

రెండు వారాల్లో జవాబు వచ్చింది. "మీ విలువైన సూచనను మండలి సాంతము పరిశీలించి ఆమోదించినది. జనవరి ఒకటవ తేదీ మొదలు పరీక్ష ముగియువరకు గల కాలమంతయు చివరి నిమిషముగా ప్రకటించడమైనది. మీ సేవలు అభినందనీయములు." నరహరి గారు ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించి, నా వీపు తట్టారు. ఆ రోజు పరీక్షనాళికలు రెండుసార్లు కడిగాను.

జనవరి ఒకటిన పిల్లలంతా కెమిస్ట్రీ పుస్తకాలు తెచ్చి అప్పగించారు. వాటిని తాళ్లతో కట్టి స్టోర్ రూములో పెట్టి, తలుపుకు లక్కతో సీలు వేశాం. ఎన్నికల కోడ్ వస్తే విగ్రహాలకు గుడ్డ కప్పుతారు చూశారా, అట్లాగే మా గోడ మీది ఆవర్తన పట్టికకు తెల్ల దుప్పటి కప్పాం. క్లాసులు మాత్రం రోజూ జరగాలి, హాజరు తీసుకోవాలి. క్లాసులో కెమిస్ట్రీ మాట దొర్లకూడదు. నలభై ఐదు నిమిషాలు నేను పిల్లల వైపు చూస్తూ కూర్చునేవాణ్ని, పిల్లలు దుప్పటి వైపు చూస్తూ కూర్చునేవాళ్లు.

ఒకరోజు ఒక పిల్లవాడు, "సార్, నీళ్లు తాగొస్త" అని లేచాడు. నేను ఉలిక్కిపడి కిటికీలోంచి వరండా చూశాను. ఎవరూ లేరు. "పోయి రా" అన్నాను.

ఈ క్లాసులో మూడో బెంచీలో ఉదయశ్రీ కూర్చునేది. వాళ్లది మా ఊళ్లో బీడీలు చుట్టేవాళ్ల వాడ. వాళ్లమ్మ నర్సవ్వ పొద్దున చాట ఒళ్లో పెట్టుకుంటే చీకటి పడేదాకా చుడుతూనే ఉంటుంది. ఉదయశ్రీ నిరుడు అన్ని సబ్జెక్టులూ పాసై, ఒక్క కెమిస్ట్రీ మాత్రం నాలుగు మార్కుల తేడాతో తప్పింది, అందుకే మళ్లీ క్లాసుకు వస్తోంది. ఈసారి పాసైతే జిల్లా ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటు ఖాయం. తప్పితే బీడీల చాట. నర్సవ్వ చెడ్డది కాదు. "నా కండ్లు కనిపిస్తలేవు సారూ, ఇంకో ఏడాది ఒక్కదాన్నే చుట్టలేను" అని నాతోనే చెప్పి కళ్లు తుడుచుకుంది.

అందుకని ఆ పిల్ల జూన్ నుంచే మొదలుపెట్టింది. పొద్దున బీడీలకు తునికాకు కత్తిరిస్తూ ఒక జవాబు, సాయంత్రం కట్టలు కడుతూ ఇంకో జవాబు. చీటీ మీద రాసుకుని చాట అంచుకు గుచ్చేది, గట్టిగా పైకి చదివేది, వచ్చాక చీటీ మార్చేది. డిసెంబరుకల్లా పుస్తకమంతా అయిపోయింది. మా కాలేజీలో చివరి నిమిషపు చదువు అవసరం లేని మనిషి ఎవరైనా ఉంటే, అది ఆ పిల్ల ఒక్కతే. నాక్కూడా అవసరమే, నేను కూడా క్లాసుకు ముందు ఒకసారి పుస్తకం చూసుకుంటాను.

ఫిబ్రవరిలో మండలికి ఒక అనుమానం వచ్చింది. పుస్తకాలకు సీలు వేశాం సరే, బుర్రలో తాజా జ్ఞానం మిగిలి ఉంటే ఎలా కనిపెట్టాలి? దానికి కమిటీ ఒక పరీక్ష కనిపెట్టింది. పేరు తాజాదన నిర్ధారణ. అధికారి ప్రశ్న అడిగి స్టాప్‌వాచ్ నొక్కుతారు. ఐదు సెకన్లలోపు జవాబు వస్తే అది నిన్నమొన్న చదివింది, హాల్ టికెట్ రద్దు. ఐదు సెకన్లు దాటి, నీళ్లు నమిలి, తల గోక్కుని చెబితే అది పండిన జ్ఞానం, హాల్ టికెట్ ఇచ్చేయవచ్చు.

మా కాలేజీ ఎదురుగా ఉన్న ప్రైవేటు కాలేజీవాళ్లు వారం తిరక్కుండా ఫ్లెక్సీ కట్టారు. 'తడబాటులో ప్రత్యేక శిక్షణ. అనుభవజ్ఞులైన అధ్యాపకులచే. మా నమూనా పరీక్షలో సగటు తడబాటు పదకొండు సెకన్లు.' కింద పదకొండుమంది పిల్లల ఫోటోలు. అందరూ తల గోక్కుంటూ ఉన్నారు.

మా దగ్గర అంత సౌకర్యం లేదు. ఉదయశ్రీని వరండాలో నిలబెట్టి నేనే నేర్పాను.

"ఓస్వాల్డ్ పద్ధతి అంటే ఏంది?" అన్నాను.

"అమ్మోనియాను గాలితోటి కలిపి ప్లాటినం జాలి మీంచి..."

"ఆగు. ముందు 'ఆ...' అను. పైకి చూడు. 'మొన్ననే చదివిన సార్' అనకు, 'ఎన్నడో చదివిన' అను. తర్వాత చెప్పు."

"ఆ..." అని పైకి చూసింది. మరుక్షణం, "అమ్మోనియాను గాలితోటి కలిపి" అంది.

"జర ఆగి చెప్పు బిడ్డా."

"ఎట్ల ఆగాలె సార్? మీరు ప్రశ్న అడుగంగనే నోట్లకొస్తాంది. నిరుడు ఎంత ఆగినా రాకపాయె. ఇప్పుడొస్తాంటే మీరే ఆపుమంటిరి."

నాలుగు రోజులు నేర్పితే ఆమె తడబాటు రెండు సెకన్లకు వచ్చింది. అంతకుమించి ఆ పిల్లకు చేతకాలేదు.

మార్చి మొదట్లో ప్రత్యేకాధికారి పరంధాములు గారు వచ్చారు. చరిత్రలో ఎమ్మే చేశారు. మెడలో స్టాప్‌వాచ్, చేతిలో ప్రశ్నల కాగితం, మొహంలో దయ. పిల్లలు వరసగా వెళ్లారు. మొదటివాడు ఫారడే నియమానికి తొమ్మిది సెకన్లు తల గోక్కుని ఏదో గొణిగాడు. "పండింది" అని టిక్కు పెట్టారు పరంధాములు గారు. రెండోవాడు, "గుర్తులేదు సార్" అన్నాడు. అధికారి లేచి వాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

"చూశారా మాస్టారూ," అన్నారు నా వైపు తిరిగి, "ఎంత పాత జ్ఞానమో. పూర్తిగా అరిగిపోయినది. మండలి ఆశించుచున్నది ఇట్టి విద్యార్థులనే."

ఉదయశ్రీ వచ్చింది. నేను వెనకనుంచి పైకి చూడమని వేలితో సైగ చేశాను. ఆమె పైకి చూసింది. పరంధాములు గారు కాగితం చూసి, "రౌల్ట్ నియమమును..." అన్నారు.

"బాష్పశీల ద్రవాల ద్రావణంలో ప్రతి అనుఘటకం పాక్షిక బాష్పపీడనం దాని మోల్ భాగానికి అనులోమానుపాతంలో ఉంటది సార్," అంది ఉదయశ్రీ పైకి చూస్తూనే.

పరంధాములు గారు అప్పటికింకా 'నిర్వచింపుము' అననే లేదు. స్టాప్‌వాచ్ నొక్కలేదు. వాచీని తిప్పి తిప్పి చూశారు. "ప్రశ్న పూర్తి కాకమునుపే జవాబు వచ్చినది. మైనస్ అర సెకను," అన్నారు. "రాష్ట్రములో ఇంత తాజా కేసు ఇదే ప్రథమము."

"సార్, ఆ పిల్ల జూన్ నుంచి చదువుతోంది," అన్నాను.

"మాస్టారూ, జూన్‌లో చదివినది మార్చిలో గుర్తుండుట మానవమాత్రులకు సాధ్యము కాదని కమిటీ నివేదిక నలభై రెండవ పేజీలో స్పష్టముగా ఉన్నది. ఈమెకు గుర్తున్నది. కనుక జూన్‌లో చదవలేదు."

హాల్ టికెట్ మీద ఎర్ర గీత గీసి ఆయన జేబులో పెట్టుకున్నారు. ఉదయశ్రీ ఏడవలేదు. నా వైపు చూసి, "తెలువకపోతే మంచిగుండు సార్" అని బెంచీ మీద కూర్చుంది.

నరహరి గారు అప్పీలు వద్దన్నారు. పద్నాలుగు నెలలు ఇప్పుడు పదికి వచ్చాయి మరి. నా కాంట్రాక్టు కూడా ఏప్రిల్‌లో పొడిగించాలి. అయినా రాశాను. ఈసారి వెటకారం లేకుండా, ఒక్కో మాట చూసుకుని రాశాను. చదువు పాతదని రుజువు చేయడానికి ఇరుగుపొరుగు సాక్షులు కావాలని మండలి జవాబిచ్చింది. వాడకు వెళ్లాను.

అరుగుల మీద ఆడవాళ్లంతా బీడీలు చుడుతున్నారు. ఉదయశ్రీ ఎప్పటినుంచి చదువుతోందో చెప్పాలని అడిగాను. "వానకాలం సంది ఇంటానం సారూ," అంది ఒకామె. "చెవుల తుప్పు వదిలింది." పక్కనున్న ముసలామె చేతిలోని ఆకు చుడుతూ చుడుతూ, "గాల్వనిక్ సెల్లుల ఆక్సీకరణం యానోడు కాడ" అంది. ఇంకో ఆమె, "క్షయకరణం కాథోడు కాడ" అని అందుకుంది. ఎదురింటి నుంచి ఎవరో "సాల్టు బ్రిడ్జి మర్చిపోతిరి" అని కేకేశారు. పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పినా మా క్లాసులో ఎప్పుడూ ఇట్లా జరగలేదు. తొమ్మిదిమంది వేలిముద్రలు తీసుకుని వచ్చాను.

విచారణ రాజధానిలో, మండలి మూడో అంతస్తులో. అధ్యక్షులవారు, ఇద్దరు సభ్యులు, పక్కన పరంధాములు గారు. ఎదురుగా ఉదయశ్రీ, నర్సవ్వ, నేను. అధ్యక్షులవారు నిజంగా పెద్దమనిషి. నర్సవ్వకు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించారు.

"అమ్మాయీ, నీ జ్ఞానము పాతదే అయినచో నిరూపించుకొనుము," అన్నారు. "ఓస్వాల్డ్ పద్ధతి చెప్పుము."

ఉదయశ్రీ చెప్పింది. ఉత్ప్రేరకం చెప్పింది, ఉష్ణోగ్రత చెప్పింది, పీడనం చెప్పింది, సమీకరణం తుల్యం చేసి చెప్పింది. సభ్యులు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు.

"ఒక్క అక్షరము పొల్లు పోలేదు," అన్నారు మొదటి సభ్యుడు. "అనగా విచారణ కొరకు మరల చదివినది. ఇది రెండవ నేరము."

"చెప్పకపోతే రాదంటరు, చెప్తే నేరమంటరు," అంది నర్సవ్వ కుర్చీలోంచి లేచి. "మా పిల్ల ఏడాదంత చదివింది అయ్యా. నా చెవులతోని ఇన్న. నన్నడుగుండ్రి, నేను చెప్త. అమ్మోనియాను గాలితోటి కలిపి ప్లాటినం జాలి మీంచి పంపాలె. నైట్రిక్ ఆక్సైడొస్తది. దాన్ని మల్ల గాలితోటి కలిపి నీళ్లల్ల కలిపితే నైట్రిక్ ఆమ్లం."

అధ్యక్షులవారు కళ్లజోడు తీశారు. "మీరు ఎంతవరకు చదివినారు?"

"నాకు చదువు రాదయ్యా. వేలుముద్రే."

సభ్యులు ఈసారి చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఆశ పుట్టింది. చదువురాని తల్లి నోటికొచ్చిందంటే ఎన్నాళ్లుగా విని ఉండాలి, ఆ మాత్రం అర్థం కాదా అనుకున్నాను. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"చదువకుండగనే జ్ఞానము సంక్రమించినదనగా, ఇది వ్యక్తిగత నేరము కాదు. వ్యాప్తి చెందుచున్నది. సదరు వాడను తాజా జ్ఞాన ప్రభావిత ప్రాంతముగా ప్రకటించడమైనది. వాడలోనికి బయటి పరీక్షార్థులెవ్వరూ ప్రవేశింపరాదు." పరంధాములు గారు రాసుకున్నారు. మర్నాడే వాడ మొదట్లో బోర్డు పెట్టారు. పక్క వీధి పిల్లలు పరీక్షలు అయ్యేదాకా బీడీ ఆకులకు కూడా చుట్టు తిరిగి వెళ్లారు.

ఆ తీర్పు విని, అంతా అయిపోయిందనుకుని లేచాం. అప్పుడు అధ్యక్షులవారు మెల్లగా, "ఒక మార్గమున్నది" అన్నారు. డ్రాయరులోంచి ఒక ఫారం తీశారు. "'నాకు కెమిస్ట్రీ ఏమియు రాదు' అని ప్రమాణపత్రము ఇచ్చినచో, లేని జ్ఞానము తాజాది కాజాలదు గనుక హాల్ టికెట్ వెంటనే ఇవ్వబడును. పరీక్షలో ఆ ప్రమాణమునకు కట్టుబడి, సరియైన జవాబు ఒక్కటియు రాయనిచో, మాట నిలుపుకున్నందుకు అరవైకి అరవై మార్కులు. సరియైన జవాబు రాసినచో అబద్ధ ప్రమాణము కింద మూడేళ్లు నిషేధము."

ఉదయశ్రీ ఫారం చేతిలో పట్టుకుని నిలబడింది. "సార్, సంతకం పెట్టాల్నా?" అని నన్ను అడిగింది.

పెట్టమన్నాను. ఏమీ రాయకుండా మూడు గంటలు కూర్చుని వచ్చెయ్, సీటు నీది, అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తోంది. సంతకం పెట్టింది. కింద మండలి ముద్ర వేశారు.

పరీక్ష రోజు మా సెంటర్లో ప్రమాణపత్రం ఇచ్చినవాళ్లు పన్నెండుమంది. వాళ్ల పేపర్లను అక్కడికక్కడే కెమిస్ట్రీ లెక్చరర్ చూసి, అన్నీ తప్పులేనని ధ్రువీకరించాలని ఉత్తర్వు. అంటే నేను. నన్ను కనిపెట్టి ఉండటానికి పరంధాములు గారు.

హాల్లో నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. ఉదయశ్రీ అరగంట దాకా పెన్ను మూత తీయలేదు. ప్రశ్నపత్రం చదివింది, బోర్లా పెట్టింది, మళ్లీ తిప్పి చదివింది. తర్వాత నేను అటు చివరికి వెళ్లి వెనక్కి తిరిగేసరికి తల వంచుకుని రాస్తోంది. దగ్గరికి వెళ్లాను. "బిడ్డా" అన్నాను నెమ్మదిగా. ఆమె తల ఎత్తలేదు. "చెయ్యాగుతలేదు సార్" అంది. అదనపు కాగితాలు రెండుసార్లు అడిగి తీసుకుంది. ఇచ్చింది నేనే.

బెల్లు కొట్టాక ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాం. పదకొండు పేపర్లు తెల్లగా ఉన్నాయి. సంతకాలు పెట్టడం రెండు నిమిషాల పని. పన్నెండోది ఇరవై నాలుగు పేజీలు. పరంధాములు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

చదివాను. పద్దెనిమిదేళ్లలో అట్లాంటి పేపరు నా చేతికి రాలేదు. నా మాటలు కాదు, గైడు మాటలు కాదు. బీడీలు చుట్టేవాళ్లు అరుగు మీద ఒకరికొకరు చెప్పుకున్నట్టు, ఎందుకు అవుతుందో, కాకపోతే ఏమవుతుందో వివరంగా రాసింది. ఎర్ర పెన్ను ఒప్పు గుర్తు వైపు దానంతటదే పోతోంది. గట్టిగా పట్టుకుని, మొదటి జవాబుకు ఇంటూ పెట్టాను. రెండో జవాబుకు ఇంటూ పెట్టాను. ఇరవై నాలుగు పేజీలకూ, ఒక్కటి వదలకుండా, ఇంటూలు పెట్టాను.

"ఇన్ని పుటలు రాసినది," అన్నారు పరంధాములు గారు, "ఒక్కటియు సరియైనది లేదా?"

"లేదు సార్. ఇంత తప్పు నేనెక్కడా చూడలేదు."

ఆయన తృప్తిగా తల ఊపి, రిమార్కుల్లో రాశారు: 'మిగిలినవారు ఊరకున్నారు. ఈమె శ్రమించి తప్పులు రాసినది. ప్రశంసనీయము.' దాని కింద నేను సంతకం పెట్టాను.

ఫలితాలు వచ్చాయి. ఉదయశ్రీకి అరవైకి అరవై. ఆసుపత్రివాళ్లు సీటు కాగితం కూడా పంపారు. మండలి అంతటితో ఊరుకోలేదు. ఆ ఇరవై నాలుగు పేజీలను ఆదర్శ సమాధాన పత్రంగా ఎంపిక చేసి, అచ్చు వేయించి, అన్ని కాలేజీలకూ పంపింది. మొదటి పేజీని ఫ్రేము కట్టించి, పరంధాములు గారు స్వయంగా వాడకు వెళ్లి నర్సవ్వ చేతిలో పెట్టి, ఫోటో దిగారు. నాకు కాంట్రాక్టు పొడిగించారు.

నాలుగు రోజుల తర్వాత ఉదయశ్రీ కాలేజీకి వచ్చింది. నేను ల్యాబ్‌లో ఉన్నాను. స్వీట్లు తెచ్చిందేమో అనుకున్నాను. చేతిలో నోటుపుస్తకం ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏమైంది బిడ్డా? సీటొచ్చింది గదా."

"వచ్చింది సార్. మా అమ్మే మాట్లాడుతలేదు. ఆ ఫ్రేము గోడకు కొట్టినరు. దాని మీద ఇంటు గుర్తులున్నయి గదా, ఎర్రగ. మా అమ్మకు అరవై అంటే ఏందో తెల్వదు, ఇంటు తెలుసు. బీడీల కట్ట మంచిగ లేకపోతే కంపెనోళ్లు దాని మీద అదే కొడ్తరు." కాసేపు ఆగింది. ఆ పిల్ల అంతసేపు ఆగడం నేను చూడటం అదే మొదలు. "రెండు దినాల సంది బీడీలు చుడుతలేదు సార్. 'ఏడాదంత నువ్వు చదివింది తప్పేనా, నేనిన్నది కూడ తప్పేనా, అంతమంది పెద్దమనుషుల ముంగట నేను తప్పే చెప్పిన్నా' అంటాంది."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"ఒప్పేనని చెప్పిన సార్. నమ్ముతలేదు. సారే ఇంటు కొట్టె గదా అంటది." నోటుపుస్తకం నా ముందు పెట్టింది. పరీక్షలో రాసిందంతా, ఇరవై నాలుగు పేజీలూ, మళ్లీ రాసుకొచ్చింది. "దిద్దుండ్రి సార్. నిజంగ దిద్దుండ్రి."

లేచి ల్యాబ్ తలుపు వేసి వచ్చాను. ఎర్ర పెన్ను తీసి మొదటినుంచి చదివాను, తొందరపడకుండా. సెల్ బొమ్మలో సాల్టు బ్రిడ్జి గీయలేదు, అక్కడ రెండు మార్కులు తీశాను. ఆల్డాల్ జవాబులో చివర నీళ్లు పోయినట్టు రాయలేదు, ఇంకో రెండు తీశాను. యాభై ఆరు. నీళ్ల సంగతి ముందు పేజీలో రాశానని ఆమె వాదించింది. పేజీ తిప్పి చూశాను, రాసింది. ఒక మార్కు కలిపి, యాభై ఏడు వేసి, సంతకం పెట్టి పుస్తకం ఇవ్వబోయాను.

ఆమె తీసుకోలేదు. పేజీలు తిప్పి, నేను మార్జిన్‌లో సన్నగా పెట్టిన ఒప్పు గుర్తులను చూసింది.

"గివి జర పెద్దగ పెట్టుండ్రి సార్. మా అమ్మకు కండ్లు సరిగ కనిపియ్యయి."